టాంపినీస్‌లో ముందు పలకరించింది నేనే

యానాంలో ఫ్రెంచి దొరలకు దుబాసీలు మా చింతలూరి వారు. మూలపురుషుడు వెంకట నరసింహం గారు. ఆయన తర్వాత నాలుగు తరాలు అదే పని, అదే హోదా. సీమ నుంచి కొత్త దొర ఓడ దిగితే ముందు మా చావడిలో కూర్చుని కొబ్బరినీళ్లు తాగి, ఆ తర్వాతే కచేరీకి వెళ్లేవాడు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువారి వర్తకశాల ఉండేది. ఈ దొరకూ ఆ దొరకూ పడేది కాదు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజుల్లో ఇద్దరి మధ్యా మాట నడిపింది మావాళ్లే. కచేరీలో మా పెద్దలకు చేతుల కుర్చీ ఉండేది. వీధిలో నడిస్తే గొడుగు పట్టే మనిషి ఉండేవాడు. మా ఇంటి మగవారు ఎవరికీ ముందుగా నమస్కారం పెట్టేవారు కారు. ఎదుటివారు పెడితే తల పంకించి అందుకునేవారు. ఆస్తులు పోయినా ఆ అలవాటు నా దాకా వచ్చింది.

నేను ముప్పై అయిదేళ్లు యానాంలో ఫ్రెంచి పాఠాలు చెప్పాను. అరవై మూడేళ్లు వచ్చినా సముద్రం దాటలేదు. మా చెల్లెలి కూతురు వసుధ సింగపూర్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. "మావయ్యా, ఎన్నిసార్లు పిలిచినా రారు. ఈసారి టికెట్ కొనేశాను. ఇక మీ ఇష్టం" అని ఫోన్ చేసింది. కొనేసిన టికెట్‌ను వృథా చేయడం మర్యాద కాదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

వెళ్లదలచినవారికి రెండు మాటలు. వీసా ఏజెంటు ద్వారానే తీసుకోవాలి. నాకు వారంలోపు వచ్చింది. బయల్దేరే ముందు మూడు రోజుల్లోపు వారి వెబ్‌సైటులో అరైవల్ కార్డు అనే రాకపత్రం నింపాలి. దానికి డబ్బు కట్టనక్కర్లేదు.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు యానాంలో బస్సెక్కి కాకినాడ చేరి, రెండున్నరకు సర్కార్ ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాను. ఎదురు బెర్తులో సామర్లకోటలో ఎక్కిన ఒక పెద్దావిడ, పెసరట్టు పొట్లం విప్పుతూ, "ఎందాకా బాబుగారూ?" అంది.

"సింగపూర్" అన్నాను. బోగీ అంతటికీ వినబడే గొంతుతో అన్నానని తర్వాత అనిపించింది.

"అమ్మబాబోయ్, ఉమ్మితే జరిమానా అంట కదండీ అక్కడ! మా మరిది కిళ్లీ మానలేక వీసా వచ్చి కూడా ఎళ్లలేదండి, ఆయ్!" అని సగం పెసరట్టు నాకు పెట్టింది.

తెల్లవారి ఆరింటికి చెన్నై. విమానం పది దాటాక. నాది కిటికీ సీటు. పక్క సీట్లోకి తెల్లజుట్టు దొరసాని ఒకావిడ వచ్చింది. ఆమె వెనక ఎర్రటి ముఖం, పొడుగాటి కాళ్లు ఉన్న ఆమె భర్త. కూర్చోకముందే ఆమె నా వైపు తిరిగి, "బోంజూర్, మెస్యూ!" అంది. మరుక్షణం నాలుక కరుచుకుని, "క్షమించండి, అలవాటు" అని ఇంగ్లీషులో అంది.

నేను ఫ్రెంచిలో జవాబు చెప్పాను. ఒక వాక్యం కాదు, మా మూలపురుషుడి నుంచి మొదలుపెట్టి విమానం రన్‌వే మీదికి వచ్చేదాకా చెప్పాను. ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని విన్నది.

ఆవిడ పేరు మార్గరెట్, ఆయన కెన్. ఇద్దరూ ఇంగ్లండువారు. ఫ్రాన్సులో నైరుతి మూల ద్రాక్షతోటల మధ్య ఒక పల్లెలో పాత పశువుల కొట్టాన్ని కొని, బాగు చేయించుకుని, పద్నాలుగేళ్లు ఉన్నారు. ఇప్పుడు కూతురి దగ్గర సింగపూర్‌లో ఉంటున్నారు. ఫ్రెంచివారి వీధులు చూడాలనిపించి పుదుచ్చేరి వచ్చి తిరిగి వెళుతున్నారు.

"ఆ పల్లెవాళ్లకి ఇంగ్లీషువాళ్లంటే పడదండీ" అన్నాడు కెన్, విమానం పైకి లేవగానే. "రొట్టెల దుకాణానికి వెళ్తే ఆ దుకాణపావిడ నా తల మీదుగా చూసి, నా వెనక నిలబడ్డవాడికి ముందు రొట్టె ఇచ్చేది. మా ఇంటిని పద్నాలుగేళ్లూ 'ఇంగ్లీషువాళ్ల కొట్టం' అనేవారు. మా గులాబీలు 'ఇంగ్లీషువాళ్ల గులాబీలు'. మా పిల్లి కూడా ఇంగ్లీషు పిల్లే. అది పుట్టింది వాళ్ల ఊళ్లోనే!"

"పిల్లిని మాత్రం ఇళ్లలోకి రానిచ్చేవారు" అంది మార్గరెట్. "మమ్మల్ని మొదటి అయిదేళ్లూ ఒక్క ఇంట్లోకీ పిలవలేదు. మేయరుగారి ఆఫీసులో కొత్త సంవత్సరం విందు జరిగితే మేమిద్దరం గోడవారగా గ్లాసులు పట్టుకుని నిలబడేవాళ్లం. చుట్టుపక్కల మా దేశంవాళ్లు ఇంకో పది కుటుంబాలుండేవి. అందరం ఒకచోట చేరి టీ తాగుతూ ఫ్రెంచివాళ్లను తిట్టుకునేవాళ్లం."

"గర్వం!" అన్నాడు కెన్.

"అది సగమే కెన్" అంది ఆమె.

మిగతా సగం ఏమిటని అడిగాను. అప్పటికి భోజనం బళ్లు వచ్చాయి. ఆ తర్వాత ఆవిడ నిద్రపోయింది. నేను కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నాను. సముద్రం మీద మేఘాల నీడలు కదలడం చూశాను. దిగే ముందు నీళ్ల మీద వందల ఓడలు వరసగా లంగరు వేసి కనిపించాయి. ఓడ దిగే దొరలకు ఎదురెళ్లిన వంశంవాణ్ని. అన్ని ఓడలను ఒక్కసారి చూసేసరికి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

అక్కడి గడియారం ప్రకారం అయిదింటికి దిగాం. మనకంటే రెండున్నర గంటలు ముందు. మార్గరెట్ తన ఫోన్ నంబరు రాసిచ్చి, "మేముండేది టాంపినీస్‌లో. మీ మేనకోడలూ అక్కడేనా? అయితే మిగతా సగం అక్కడ చెప్తాను" అంది.

వసుధ, దాని ఎనిమిదేళ్ల కూతురు నిత్య గేటు దగ్గరే ఉన్నారు. విమానాశ్రయం పక్క భవనంలో అద్దాల గోపురం పై నుంచి జలపాతం పడుతోంది. దాని చుట్టూ చెట్లు, జనం. పావుగంట కదలలేకపోయాను. "తాతయ్యా, మౌత్ క్లోజ్ చెయ్యండి లా" అంది నిత్య. ఆ 'లా' ఇక్కడివారి ప్రతి మాట చివరా వస్తుంది, మా గోదావరివాళ్ల 'ఆయ్' లాగా.

ట్యాక్సీ వద్దు, రైలే బాగుంటుందని వసుధ అంది. టికెట్ కొననక్కర్లేదు, బ్యాంకు కార్డు గేటుకు ఆనిస్తే చాలు. ఎక్స్‌పో స్టేషన్లో మారి ఎక్కిన రైలుకు డ్రైవరు లేడు. ముందు పెట్టెలో అద్దం దగ్గర నిలబడితే సొరంగం మన మీదికే వస్తుంది. నిత్య నాకు ఆ చోటు వదిలి, వెనక నిలబడి నా చొక్కా పట్టుకుంది. ఆరుంపావుకు టాంపినీస్ ఈస్ట్, అక్కడి నుంచి అయిదు నిమిషాల నడక.

ఇంటికి చేరాక గాని అసలు సంగతి తెలియలేదు. హాలులో సగం అట్టపెట్టెలే. వాళ్లున్న ఫ్లాటు యజమాని తానే వచ్చి ఉంటానన్నాడు. నెలాఖరుకు ఖాళీ చేయాలి. నిత్య బడి రోడ్డుకు అవతలే. ఈ చుట్టుపక్కల ఇల్లు దొరక్కపోతే ఊరి అవతలి కొసన ఉన్న వుడ్‌ల్యాండ్స్‌కో, చోవా చూ కాంగ్‌కో పోవాలి. అప్పుడు బడి మారాలి. నిత్య బడి మాట వస్తే లోపలికి వెళ్లిపోతోంది. దానికి ఇక్కడ అనన్య అని ఒక్కతే స్నేహితురాలు.

ఆ సాయంత్రమే ఫోన్ మోగింది. వసుధ స్పీకర్ పెట్టింది. ఇళ్లు చూపించే ఏజెంటు. "మీరు ఇండియనా? వంట చేస్తారా?"

"చేస్తామండి. ఎక్కువ కాదు."

"ఓనర్ వద్దంటున్నారు. సారీ, లా."

"ఇది ఏడోది" అంది వసుధ.

నాకు ఒళ్లు మండింది. "మనం ఎవరమో చెప్పవలసింది. వంట అడగడానికి వాళ్లెవరు?"

వసుధ నవ్వింది, కాని బాగా నవ్వలేదు. "మావయ్యా, పోయినేడు మీ మేడ మీది గది అడగడానికొచ్చిన ఆస్పత్రి నర్సమ్మని మీరేమడిగారు? 'మీరెవరమ్మా, ఇంటిపేరేంటి' అనలేదూ? ఆవిడ చెప్పాక 'గది ఖాళీ లేదు' అనలేదూ? ఆ గది ఇప్పటికీ ఖాళీయే కదా?"

నేను లేచి ఒక అట్టపెట్టెను గోడవారకు జరిపాను. చెప్పవలసిన జవాబు నాకు తెలియకపోలేదు.

గురు, శుక్రవారాలు ఊరు చూశాను. వసుధ ఆఫీసుకు వెళితే ఒంటరిగానే తిరిగాను. గురువారం పొద్దున బొటానిక్ గార్డెన్స్. ప్రవేశం ఉచితం, ఆర్కిడ్ తోటకు మాత్రం టికెట్. మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో అరటాకు భోజనం. గోంగూర కట్టలు చూసి ముట్టుకోకుండా ఉండలేకపోయాను. శుక్రవారం రెండంతస్తుల బస్సుల్లో పై అంతస్తు ముందు సీటు పట్టుకుని వుడ్‌ల్యాండ్స్ దాకా వెళ్లి, మలేషియా వైపు వంతెన మీద జనం బారులు తీరి దాటడం చూశాను. రోజూ ఒక దేశంలో నిద్రపోయి ఇంకో దేశంలో పని చేసేవాళ్లు! నా పక్కన కూర్చున్న తమిళ ముసలాయన, "నేను ఇరవై రెండేళ్లు అలాగే దాటాను. పాస్‌పోర్టులు నాలుగు నిండిపోయాయి" అన్నాడు. వసుధ భర్త శ్రీధర్ ఆఫీసు పని మీద జకార్తాలో ఉన్నాడు గాని లేకపోతే నా తిరుగుళ్లకు తోడుగా వచ్చేవాడే.

శనివారం నాలుగింటికి ఎనిమిదో ఇల్లు. బడికి రెండు భవనాల అవతల, తొమ్మిదో అంతస్తు. యజమాని కో అనే చైనా పెద్దాయన, డెబ్బై ఎనిమిదేళ్లవాడు, ఓడరేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. మోకాళ్లు పాడై భార్యతో సహా కూతురి ఇంటికి మారుతున్నాడు. ముప్పై ఏళ్లు తాను ఉన్న ఇల్లు కాబట్టి ఏజెంటు మాట మీద ఇవ్వడట. ఇంటిల్లిపాదీ రావాలి, తాను చూడాలి. శ్రీధర్ లేడు కాబట్టి మగదిక్కుగా నేను వస్తానన్నాను. పట్టుపంచె కట్టాను. కండువా వేశాను.

గ్రిల్ తలుపు తెరిచే ఉంది. చెప్పులు బయట విప్పాం. కో గారు చక్రాల కుర్చీలో కాదు గాని, చేతికర్ర పక్కన పెట్టుకుని వెదురు కుర్చీలో కూర్చున్నాడు. భార్య వంటింటి గుమ్మంలో నిలబడింది. వసుధ "హలో అంకుల్, హలో ఆంటీ" అంది. నిత్య కూడా అంకుల్‌కొకటి, ఆంటీకొకటి విడివిడిగా చెప్పింది. నేను చేతులు వెనక కట్టుకుని నిటారుగా నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ను చూశాను. ఇంటికి వచ్చిన పెద్దవాణ్ని పలకరించవలసింది ఇంటివాడు. ఆయన పలకరించలేదు. నేనూ పలకలేదు. చివరికి ఖాళీగా ఉన్న కుర్చీ చూసి నేనే కూర్చున్నాను.

నిశ్శబ్దం బాగాలేదని, మా వంశం ఫ్రెంచివారి దగ్గర ఏ హోదాలో ఉండేదో ఇంగ్లీషులో చెప్పాను. వారు అద్దెకిచ్చేది ఎటువంటివారికో తెలియాలి కదా. ఆయన విన్నాడు. ఆవిడ వసుధకు పడకగదులు చూపించింది. పది నిమిషాలకు కో గారు వసుధతో, "సరే, ఫోన్ చేస్తాం" అన్నాడు.

లిఫ్టులో నిత్య నన్ను ఎగాదిగా చూసింది. "తాతయ్యా, మీరు ఆ అంకుల్‌కి హలో చెప్పలేదు."

"ఆయన నాకు చెప్పాడా?"

"హీ ఈజ్ ఓల్డర్, లా!"

"ఊరుకోవే" అంది వసుధ. ఆరింటికి కో గారి కూతురి నుంచి మెసేజి వచ్చింది. నాన్నగారు ఇంకా ఆలోచిస్తున్నారు, మీరు వేరే ఇల్లు చూసుకోవడం మంచిది అని. వసుధ ఫోన్ బోర్లా పెట్టి, వుడ్‌ల్యాండ్స్ ఇళ్ల జాబితా తెరిచింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు మార్గరెట్, కెన్ నన్ను హాకర్ సెంటరుకు రమ్మన్నారు. పెద్ద కప్పు కింద వందకు పైగా చిన్న వంటకొట్లు, మధ్యలో బల్లలు. ఏ బల్లా ఖాళీ లేదు. కెన్ అప్పుడే ఖాళీ అయిన ఒక బల్ల మీద టిష్యూ కాగితాల ప్యాకెట్ పెట్టి, పెద్ద పని పూర్తి చేసినట్టు చేతులు దులుపుకుని కాఫీకి వెళ్లాడు. ఆ ప్యాకెట్ ఉన్నంతసేపు ఆ బల్ల మనదేనట. ఎవరూ ముట్టుకోరు! కాకినాడ బస్టాండులో కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు పట్టడం గుర్తొచ్చి గట్టిగా నవ్వాను. మా కర్చీఫును తీసి పారేసేవాళ్లే ఎక్కువ. కాఫీ డాలరున్నర. గట్టిగా, తియ్యగా, అడుగున చిక్కటి పాలతో ఉంటుంది. ఒక గ్లాసుతో ఆపలేం.

నిన్న జరిగింది చెప్పాను. చెప్పి, "గర్వం" అన్నాను.

కెన్ బల్ల మీద చరిచాడు. "నేను చెప్పలా! అన్నిచోట్లా అంతే!"

మార్గరెట్ రొట్టె ముక్కను కొబ్బరి జామ్‌లో ముంచి, మెల్లగా మొదలుపెట్టింది.

"ఆ రొట్టెల దుకాణం మాట చెప్తాను. ఆరో ఏడు చలికాలంలో నేనొక్కదాన్నే వెళ్లాను. దుకాణంలో ఎవరూ లేరు. ఎప్పటిలాగే 'క్షమించండి, దయచేసి రెండు రొట్టెలు' అన్నాను. మా దేశంలో అంతకన్నా మర్యాద లేదు. ఆవిడ రొట్టెలు కాగితంలో చుట్టి, నా చేతికివ్వకుండా పట్టుకుని అంది: 'అమ్మా, అయిదేళ్లుగా వస్తున్నావు. నా గుమ్మంలోకి వచ్చి ఒక్కసారి నాకు బోంజూర్ చెప్పలేదు. నేనేమైనా రొట్టెల యంత్రాన్నా?' అని."

"ఒక్క ముక్క కోసమా?" అన్నాను.

"ఆ ముక్క పడాకే మనిషి లోపలికి వచ్చినట్టు. అది లేకుండా ఎన్ని ప్లీజులు చెప్పినా దండగ. మేం గోడవారగా నిలబడి, వాళ్లు పలకరిస్తారని చూశాం. వచ్చినవాళ్లు పలకరిస్తారని వాళ్లు చూశారు. అయిదేళ్లు! మర్నాడు గుమ్మంలోనే అరిచినట్టు బోంజూర్ అన్నాను. వసంతం వచ్చేలోపు మూడిళ్లలో భోంచేశాం."

"కొట్టం పేరు మాత్రం మారలేదు" అన్నాడు కెన్.

"మారలేదు. వాళ్ల గర్వం సగం ఉంది, అది పోలేదు. మా సగం మేం తీసేశాం, అంతే." ఆమె నా వైపు తిరిగింది. "ఇక్కడా చూశాను. మా అల్లుడు చైనావాడు. మా మనవరాలు భోజనానికి కూర్చునే ముందు బల్ల చుట్టూ ఉన్న పెద్దవాళ్లందరినీ ఒక్కొక్కరినీ వరస పెట్టి పిలవాలి. పిలవకపోతే చెంచా ముట్టుకోనివ్వరు. మొదటి రోజు మా వియ్యపురాలు నా పలకరింపు కోసం చూస్తోందని నాకు తెలిసింది. ఆవిడ నాకంటే మూడేళ్లు పెద్ద. నేనే ముందు పిలిచాను. అందుకే విమానంలో మీ పక్కన కూర్చోకముందే బోంజూర్ అన్నాను. ఇప్పుడది నా నోట్లోంచి దానంతటదే వస్తుంది."

గ్లాసులో కాఫీ చల్లారిపోయింది. మావాళ్లు రెండు దేశాల మధ్య మాట నడిపారు. ముందు ఎవరు పలకాలో తెలియకుండానే నడిపారా? కాదు. ఇంజరం గుమ్మంలోకి వెళ్లి ముందు సలాము చేయకుండా ఏ దుబాసీ ఏ మాటా మోసి ఉండడు. ముందు పలకకపోవడం ఇంటి దగ్గర నేర్చుకున్న దర్జా. పనిలో ఉన్నప్పుడు వాళ్లే ముందు పలికి ఉంటారు. అది మాకెవరూ చెప్పలేదు. ఈ సంగతి తట్టగానే నాకు కూర్చోబుద్ధి కాలేదు.

"ఇప్పుడు టైమెంత?" అన్నాను.

"పదిన్నర" అన్నాడు కెన్. "ఎక్కడికి? రెండో కాఫీ తెచ్చాను!"

తాగలేదు. వసుధకు చెప్పలేదు. చెబితే వద్దంటుంది. కో గారి భవనానికి నడిచి వెళ్లడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. లిఫ్టులో తొమ్మిదో నంబరు నొక్కాను. గ్రిల్ తలుపు ఈసారి మూసి ఉంది. లోపల వెదురు కుర్చీ, అందులో ఆయన. చెప్పులు విప్పాను. నా జీవితంలో ఎవరినీ అంకుల్ అనలేదు. కాలేజీ ప్రిన్సిపాలును కూడా అనలేదు.

"గుడ్ మార్నింగ్, అంకుల్" అన్నాను. తర్వాత లోపలికి చూస్తూ, "గుడ్ మార్నింగ్, ఆంటీ" అన్నాను. చేతులు జోడించాను కూడా.

ఆయన కదల్లేదు. ఆవిడ వంటింట్లోంచి గరిటెతో వచ్చి, గడియ తీసి, "తిన్నావా?" అంది.

ఆ ప్రశ్న మా ఊరి ప్రశ్నే. "ఇంకా లేదు ఆంటీ" అనేశాను.

"కూర్చో" అంది. కూర్చోమన్నాకే కూర్చున్నాను.

కో గారు నా వైపు తిరిగాడు. "నిన్న నువ్వు నా ఇంట్లోకి ఓనర్‌లా వచ్చావు."

"అవునండి."

"ఎందుకు పలకలేదు? నోరు లేదా?"

"మా ఇంట్లో ముందు పలికే అలవాటు లేదండి."

"అది మీ ఇల్లు. ఇది నా ఇల్లు, లా."

"అందుకే వచ్చాను" అన్నాను.

ఆయన ముక్కుతో ఒక శబ్దం చేశాడు. అది నవ్వేనని నాకు తర్వాత తెలిసింది. "నా కూతురు అంటుంది, నేను ఇండియన్స్ అని వద్దన్నానని. అందరూ అదే అనుకుంటారు. నిజం చెప్తా. సగం అదే. వాసన, నూనె, ఎక్కువ మంది చుట్టాలు. విన్నాను, భయపడ్డాను. ఇంకో సగం నువ్వు. నీ మేనకోడలు మంచిది. ఆ పిల్ల బంగారం. రేపు నువ్వు మా పక్కింటివాళ్లతో కూడా ఇలాగే నిలబడితే నాకు మాట వస్తుంది."

"నేను ఉండనండి. బుధవారం వెళ్లిపోతాను."

"అయితే ఇంకేం, మంచిదే" అన్నాడు ఆయన. ఈసారి ఇద్దరం నవ్వాం. ఆవిడ వంటింట్లోంచి నవ్వింది.

"మీ ఇల్లు పెద్దదన్నావు నిన్న. ఉందా ఇంకా?"

"వెనక వాటా, పైన ఒక గది మిగిలాయి. మిగతాది ఇతరులది."

ఆయన చేతికర్ర అందుకున్నాడు. "నేను ముప్పై ఏళ్లు ఇక్కడే. వచ్చే నెల నుంచి నా కూతురి ఇంట్లో, చిన్న గదిలో. రా, చూపిస్తా" అని లేచాడు. లేవడానికి చేయి అందించాను. తీసుకున్నాడు. వంటింటి నేల పలకలు తానే పరిచాడట. ఒక మూల ఒకటి వంకరగా ఉంది. "అది నా భార్యతో పోట్లాడిన రోజు" అన్నాడు. కిటికీ చూపించి, వేపుడు చేస్తే అది తెరవాలన్నాడు.

"మనం రొయ్యల ముద్ద వేయిస్తే కింది అంతస్తువాళ్లు కిటికీలు మూసుకుంటారు. వీళ్లకి చెప్తున్నాడు చూడు!" అని ఆవిడ ఒక డబ్బా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది.

పెట్టడంతోనే నాకు యానాం రేవు కళ్ల ముందు నిలిచింది. "ఎండు రొయ్యలు!" అని తెలుగులోనే కేకేశాను. మావాళ్లు వాటిని వంకాయతో వండుతారని చెప్పాను. ఆవిడ మిరపకాయతో అంది. నేను చింతపండు అన్నాను. ఆవిడా చింతపండే అంది. మేమిద్దరం వాదులాడుతుంటే కో గారు కూతురికి ఫోన్ చేశాడు. చైనా భాషలో పెద్దగా మాట్లాడి, పెట్టేసి, "నీ మేనకోడల్ని సాయంత్రం రమ్మను. వాళ్లాయన ఫోన్లో కనిపిస్తే చాలు. రెండేళ్లకు రాస్తాం. నాన్చొద్దు" అన్నాడు.

అన్నం, ఉప్పుచేప, ఆకుకూర పెట్టారు. ముద్ద ఎత్తే ముందు "అంకుల్, ఆంటీ, తింటున్నాను" అన్నాను. ఎవరూ చెప్పలేదు. మార్గరెట్ మనవరాలికి నేనేం తీసిపోలేదు.

ఒంటిగంటకు ఇంటికి వెళ్లి చెబితే వసుధ నమ్మలేదు. "మావయ్యా, మీరు? అంకుల్ అన్నారా? మీరు?" అని మూడుసార్లు అడిగింది. తర్వాత ల్యాప్‌టాప్‌లో వుడ్‌ల్యాండ్స్ జాబితా మూసి, ముఖం కడుక్కోవడానికి వెళ్లి చాలాసేపు రాలేదు. నిత్య పరుగెత్తి అనన్యకు ఫోన్ చేసింది. బడి మారడం లేదన్న మాట భవనమంతా విన్నది.

సోమ, మంగళవారాలు అట్టపెట్టెలు సర్దడంతో సరిపోయింది. సర్దుతూ కూడా సంతోషంగా ఉన్నాను. లిఫ్టులో ఎక్కిన ప్రతివారికీ గుడ్ మార్నింగ్ చెప్పాను. "తాతయ్యా, లిఫ్టులో నో నీడ్, లా" అని నిత్య తల పట్టుకుంది.

బుధవారం పొద్దున విమానాశ్రయానికి మార్గరెట్, కెన్ వచ్చారు. సంగతి విని కెన్, "ఒక్క గుడ్ మార్నింగుతో ఇల్లు! మేం ఆరేళ్లు నానా పాట్లూ పడ్డాం" అని గొణిగాడు. చెన్నైలో దిగి, సాయంత్రం రైలెక్కాను. సింగపూర్ గురించి నా అభిప్రాయం ఇది. రైళ్లు వేళకు వస్తాయి, నేల మీద కాగితం ముక్క కనబడదు, ఊరంతా చెట్లే. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. పరాయిచోటికి వెళ్లినవాడు అక్కడివారి గర్వాన్ని లెక్కపెడుతూ కూర్చుంటే తనది కనబడదు. రెండూ ఉంటాయి. మన చేతిలో ఉన్నది ఒకటే. వెళ్లేవారు వెళ్లి రండి. గుమ్మంలోనే పలకరించండి.

నా ఎదురు బెర్తులో నలభై ఏళ్లతను. నేనే "ఎందాకా అండీ?" అన్నాను. ద్రాక్షారామమట. నా ఇంటిపేరు విని కాళ్లు కిందికి దించి సర్దుకు కూర్చున్నాడు.

"దుబాసీ వారా? మా నాన్న చెప్పేవాడండి. మీ వీధి గుమ్మం నాలుగున్నర అడుగులే ఉండేదట కదా?"

"అవును. వచ్చినవారెవరైనా తల వంచే లోపలికి రావాలని మా పూర్వులు అలా పెట్టించారు."

"ఇప్పుడూ ఉందాండీ?"

"లేదండి" అన్నాను. "మా నాన్నగారు చనిపోయిన ఏడాదే ద్వారబంధం, తలుపులు కలిపి పాలకొల్లు కలప వ్యాపారికి అమ్మేశాం."